యుద్ధం బిల్లు ఎవరి చేతికి వస్తుంది?

యుద్ధానికి అప్పు చేస్తే ఆ భారమంతా పుట్టబోయే పిల్లల మీద పడుతుందని తరచూ వింటుంటాం. ఇందులో నిజం సగమే. ఫిరంగి గుండుకు కావలసిన ఉక్కు ఈ ఏడాదే కొలిమిలో కరగాలి. సైనికుడు ఈ పూట తినే తిండి ఈ ఏటి పంటలోంచే రావాలి. ఇరవై ఏళ్ల తర్వాత పండే పంట ఇవాళ్టి ఆకలి తీర్చదు. బయటి దేశం ఏదైనా సరుకు పంపితే తప్ప, యుద్ధానికి కావలసిన మనుషులు, లోహం, ఇంధనం, తిండి అన్నీ యుద్ధం నడిచే రోజుల్లోనే ఎవరో ఒకరి వాడకంలోంచి తీయక తప్పదు. పన్ను, బాండు (అప్పిచ్చినవారికి వడ్డీతో తిరిగిస్తామని ప్రభుత్వం ఇచ్చే పత్రం), నోట్ల ముద్రణ అనేవి ఆ తీయడానికి వాడే పనిముట్లు. ఏ పనిముట్టు వాడితే ఎవరి కంచంలో కోత పడుతుంది, ఆ తర్వాత ఎవరు ఎవరికి బాకీ పడతారు అన్నదే తేల్చుకోవలసిన విషయం.

"రోజుకు ఇన్ని కోట్లు" అనే అంకెలో ఏముంటుంది

యుద్ధం మొదలైన వారానికే ఇలాంటి అంకె ఒకటి బయటికి వస్తుంది. సాధారణంగా అది అదనపు ఖర్చు మాత్రమే: ఇంధనం, పేల్చిన మందుగుండు, యుద్ధ భత్యాలు, రవాణా. అప్పటికే కొలువులో ఉన్న సైనికుల జీతాలు అందులో ఉండవు, అవి శాంతికాలంలోనూ ఇచ్చేవే కాబట్టి. గిడ్డంగిలోంచి తీసిన క్షిపణిని ఎప్పుడో పదిహేనేళ్ల కిందట కొన్నారనుకోండి. దాని ధర అప్పటి బడ్జెట్‌లోనే ఖర్చు కింద రాసేశారు. దాన్ని ఇవాళ పేలిస్తే ఖజానాలోంచి పైసా కదలదు. దాని స్థానంలో ఇంకొకటి పెట్టాలంటే మాత్రం ఇవాళ్టి ధర కట్టాలి. పాత నమూనా తయారీ ఆగిపోయి ఉంటే అంతకన్నా ఖరీదైన కొత్త నమూనా కొనాలి. ఆ బిల్లు రెండు మూడేళ్ల తర్వాత మామూలు ఆయుధ కొనుగోళ్ల పద్దులో, యుద్ధం అనే మాటే లేకుండా వస్తుంది. యంత్రాల అరుగుదలా అంతే. పాతికేళ్లు వాడదామనుకున్న విమానం యుద్ధంలో గంటల తరబడి ఎగిరి పదిహేనేళ్లకే అరిగిపోతే, కొత్త విమానం ఖర్చు పదేళ్లు ముందుకు జరుగుతుంది. వడ్డీ, క్షతగాత్రుల వైద్యం, పింఛన్లు ఆ అంకెలో కనిపించనే కనిపించవు.

ఇంకో చిక్కు కేటాయింపుల్లో ఉంది. రక్షణ శాఖ మొదట ఆ ఏడాది కేటాయింపుల్లోంచే ఖర్చు చేస్తుంది. శిక్షణకు, మరమ్మతులకు పెట్టిన డబ్బును యుద్ధానికి మళ్లిస్తుంది. అది చాలనప్పుడు ఇంకా డబ్బు కావాలంటూ అనుబంధ పద్దుతో చట్టసభ ముందుకు వస్తుంది. వార్షిక బడ్జెట్‌ను సభ్యులు పద్దు పద్దుగా ప్రశ్నిస్తారు. సైనికులు సరిహద్దులో ఉండగా వచ్చిన అనుబంధ పద్దును నిలదీయడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలకు అమెరికా ఏళ్ల తరబడి డబ్బు ఇచ్చింది ఇలాంటి అత్యవసర కేటాయింపులతోనే. మొదటి ఏడాది అత్యవసరం అంటే అర్థం చేసుకోవచ్చు. ఐదో ఏడాదికీ అదే దారి వాడితే, ఖర్చును పరిశీలనకు దూరంగా ఉంచడమే అవుతుంది.

పన్ను: కట్టేవాడికి తెలిసే దారి

ఆదాయపు పన్ను యుద్ధం కన్న బిడ్డ. ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు చాలక బ్రిటన్ ప్రధాని విలియం పిట్ 1799లో దాన్ని మొదలుపెట్టాడు. ఏడాదికి 60 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవారికి పన్ను లేదు. 200 పౌండ్లు దాటితే 10 శాతం. 1802లో సంధి కుదరగానే రద్దు చేశారు. మరుసటి ఏడాది యుద్ధం మళ్లీ రాజుకోగానే పన్నూ తిరిగొచ్చింది. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం ముగిశాక 1816లో మళ్లీ రద్దయింది. యుద్ధమేమీ తరుముకు రాకపోయినా 1842లో మూడోసారి వచ్చిన పన్ను ఇక వెళ్లలేదు.

అమెరికాలో అత్యధిక ఆదాయాల మీద పన్ను రేటు 1918లో 77 శాతానికి, 1944లో 94 శాతానికి చేరింది. ఈ రేట్ల గురించే అందరూ చెప్పుకుంటారు కానీ, అసలు మార్పు వాటికి కింద జరిగింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ ఆదాయపు పన్ను కట్టేవాళ్లు దాదాపు 40 లక్షల మంది. యుద్ధం ముగిసేసరికి 4 కోట్లు దాటారు. పాత పద్ధతిలో ఈ ఏడాది సంపాదన మీద పన్ను వచ్చే ఏడాది కట్టేవారు. ఆయుధ కర్మాగారాల్లో జీతాలు పెరుగుతుంటే, దుకాణాల్లో సరుకు తగ్గుతుంటే, ఏడాది ఆగడమంటే ఆ డబ్బు ధరలను ఎగదోయడానికి ఏడాది గడువిచ్చినట్టే. అందుకే 1943లో జీతం చేతికి రాకముందే యజమాని దగ్గరే పన్ను కోసేసే పద్ధతి తెచ్చారు. యుద్ధం వెళ్లిపోయింది, ఆ కోత ఉండిపోయింది.

కొరియా యుద్ధానికి ట్రూమన్ ప్రభుత్వం వెంటనే పన్నులు పెంచింది. వియత్నాం యుద్ధం దగ్గర అధ్యక్షుడు జాన్సన్ వెనకాడాడు. తన సంక్షేమ పథకాలకు గండి పడుతుందని భయపడ్డాడు. పన్ను మీద 10 శాతం సర్‌చార్జీ (అదనపు పన్ను) 1968లో గాని చట్టం కాలేదు. 1965లో 2 శాతం లోపు ఉన్న ద్రవ్యోల్బణం 1969 నాటికి 5 శాతం దాటింది. 2003లో మార్చిలో ఇరాక్ మీద యుద్ధం మొదలైంది, మే నెలలో పన్నులు తగ్గించారు. మొత్తం ఖర్చు అప్పు ఖాతాలోకి వెళ్లింది. పన్నుతో యుద్ధం చేసే ప్రభుత్వం ప్రతి నెలా ప్రజల ముందు చెయ్యి చాపి, ఈ యుద్ధం ఇంకా అవసరమేనా అన్న ప్రశ్నను ఎదుర్కోవాలి. ఆ ప్రశ్న ఇష్టం లేకే చాలా ప్రభుత్వాలు మిగతా దారులు వెతుకుతాయి. అన్ని దారుల్లోకీ తక్కువ అన్యాయమైనది పన్నేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఉక్రెయిన్‌లో వ్యక్తుల ఆదాయం మీద వేసే సైనిక సుంకం 2014 నుంచి 1.5 శాతం ఉండేది. 2024 డిసెంబరు నుంచి 5 శాతం చేశారు. అక్కడ స్వదేశీ పన్నులు, అప్పులు ప్రధానంగా సైన్యానికి పోతుంటే, పింఛన్లకూ టీచర్ల జీతాలకూ విదేశీ సాయం ఆసరా అవుతోంది. సాయం చేసే దేశాలు తమ డబ్బు ఆయుధాలకు వాడకూడదని షరతు పెట్టినా, డబ్బుకు రంగు ఉండదు. పింఛను బరువు ఇంకొకరు మోస్తే ఆ మేరకు ఫిరంగికి డబ్బు మిగులుతుంది. రష్యా 2025లో కంపెనీల లాభాల మీద పన్నును 20 నుంచి 25 శాతానికి పెంచింది. అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 2024 అక్టోబరులో 21 శాతానికి ఎక్కింది. ఆ వడ్డీకి అప్పు తెచ్చి నిలదొక్కుకోలేని చిన్న వ్యాపారి కూడా యుద్ధానికి చందా కట్టినట్టే, ఏ రసీదూ లేకపోయినా.

బాండు కొన్నది ఎవరు?

అప్పు ఎంత అని అడగడం అలవాటు. ఆ అప్పు ఇచ్చింది ఎవరు అని అడిగితే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. కార్మికుడు తన జీతంలోంచి మిగిల్చి బాండు కొంటే, అతను ఆ నెల బట్టలో బూట్లో కొనడం మానుకున్నాడు. ఆ మేరకు గుడ్డ, తోలు సైన్యానికి మిగిలాయి. త్యాగం ఇప్పుడే జరిగింది, చేతిలో హామీపత్రం మిగిలింది. అదే బాండును వాణిజ్య బ్యాంకు కొని, దాన్ని కేంద్ర బ్యాంకు దగ్గర పెట్టి డబ్బు తెచ్చుకుంటే, వాడకం తగ్గించుకున్నవాడు ఒక్కడూ లేడు. కొత్త డబ్బు పుట్టింది, సరుకు అంతే ఉంది. పైకి అప్పులా కనిపించినా, ఇది నోట్లు అచ్చేయడమే. బ్యాంకు ఆఫ్ ఇంగ్లండ్ పుట్టుకే యుద్ధం కోసం: 1694లో ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి ఇవ్వడానికి ఏర్పడింది.

యుద్ధం అయ్యాక ఏమవుతుంది? అందరి దగ్గరా వసూలు చేసిన పన్నులోంచి బాండ్లున్నవారికి వడ్డీ వెళుతుంది. రెండు వైపులా ఉన్నది ఒకే తరం. తాత బాండ్లు కొన్న ఇంట్లో మనవడికి రాబడి, తాత దగ్గర ఏమీ లేని ఇంట్లో మనవడికి పన్ను. భావి తరాల మీద పడే భారం ప్రధానంగా ఈ రూపంలోనే ఉంటుంది. దానికి తోడు యుద్ధం వల్ల కట్టకుండా ఆగిపోయిన వంతెనలు, కర్మాగారాలు, బడుల లోటు. విదేశాల దగ్గర చేసిన అప్పు వేరు. దానికి సరుకు నిజంగానే దేశం దాటి వెళ్లాలి. 1946లో అమెరికా దగ్గర బ్రిటన్ 375 కోట్ల డాలర్లు 2 శాతం వడ్డీకి తీసుకుంది. ఆ అప్పు చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబరు చివర్లో.

బాండు కొన్నవాడు గెలుస్తాడన్న నమ్మకమూ లేదు. 1942 నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ప్రభుత్వ రుణాల వడ్డీ రేట్లు పెరగకుండా కట్టడి చేసింది: మూడు నెలల బిల్లుల మీద 0.375 శాతం, దీర్ఘకాలిక బాండ్ల మీద 2.5 శాతం. 1947లో అక్కడ ధరలు 14 శాతం పైన పెరిగాయి. దీర్ఘకాలిక బాండ్ల వడ్డీ మీద ఆ కట్టడి 1951 మార్చి దాకా ఉంది. దీని ప్రభావం లెక్క వేసి చూడొచ్చు. 3 శాతం వడ్డీకి పదేళ్ల బాండులో 100 పెట్టారనుకోండి, ధరలు ఏటా 8 శాతం పెరిగాయనుకోండి. పదేళ్లకు చేతికొచ్చే 100తో ఇవాళ్టి లెక్కలో 46 విలువైన సరుకే వస్తుంది. ఏటా అందిన వడ్డీల నేటి విలువ 20. మొత్తం 66. మిగతా 34 ఎటూ పోలేదు, ప్రభుత్వం అప్పులోంచి అంత తగ్గింది. బ్రిటన్ ప్రభుత్వ రుణం రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జాతీయోత్పత్తికి రెండున్నర రెట్లు ఉండి, 1970ల మధ్యకు జాతీయోత్పత్తిలో సగానికి దిగింది. ఆర్థిక వృద్ధి అందులో ఒక భాగం చేసింది. ఇంకో భాగం ఈ మౌనమైన కోత చేసింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో దేశభక్తి పేరు మీద 1917లో 5 శాతానికి అమ్మిన బ్రిటిష్ యుద్ధ రుణపత్రాలను 1932లో 3.5 శాతానికి మార్చారు. అసలు తిరిగిచ్చింది 2015లో. రెండో యుద్ధంలో ఆర్థికవేత్త కీన్స్ ఇంకో ఆలోచన చెప్పాడు: కార్మికుల జీతంలో కొంత బలవంతంగా పొదుపు చేయించి, యుద్ధం తర్వాత తిరిగివ్వాలి. ధరలు అదుపులో ఉంటాయి, కార్మికుడికీ కొంత ఆస్తి మిగులుతుంది. ఆలోచన న్యాయమైనదే. 1941లో కొంతవరకు అమలు చేశారు. కానీ తిరిగి చెల్లించడం 1970ల దాకా సాగింది. అప్పటికి ఆ పౌండుకు పాత విలువలో చిన్న ముక్కే మిగిలింది.

ఓడిన పక్షం బాండ్ల సంగతి ఇంకా కఠినం. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాలు చేసిన అప్పు చెల్లదని 1868లో రాజ్యాంగ సవరణలోనే రాసేశారు. రష్యాలో జార్ చక్రవర్తి ప్రభుత్వం చేసిన అప్పులను 1918లో సోవియట్ ప్రభుత్వం తోసిపుచ్చింది. ఆ బాండ్లు కొన్న ఫ్రాన్స్‌లోని ఎన్నో మామూలు కుటుంబాల పొదుపు దానితో పోయింది.

నోట్లు: అడగకుండా తీసుకునే దారి

నోట్లు అచ్చేసే ప్రభుత్వం కొత్త నోటును పాత ధరకే ఖర్చు చేస్తుంది. ఆ నోటు గుత్తేదారు దగ్గరికి, అక్కడి నుంచి టోకు వ్యాపారి దగ్గరికి, చివరికి కూలీ దగ్గరికి చేరేసరికి ధరలు పెరిగి ఉంటాయి. ముందు అందుకున్నవాడికి లాభం, చివర అందుకున్నవాడికి నష్టం. జీతం, పింఛను, కౌలు ఏదైనా ఒక అంకె దగ్గర కట్టుబడి ఉన్నవాళ్లందరూ చివరి వరసలో ఉంటారు. అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి దక్షిణ రాష్ట్రాలు పన్ను వేయలేక ఈ దారి పట్టాయి. యుద్ధం ముగిసేసరికి అక్కడి ధరలు తొంభై రెట్లకు చేరువయ్యాయి. జర్మనీ మొదటి ప్రపంచ యుద్ధాన్ని ప్రధానంగా తొమ్మిది విడతల యుద్ధ రుణాలతో నడిపింది, ఓడినవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చన్న ఆశతో. ఓడింది తనే. ఇక మిగిలింది నోట్లు అచ్చేయడమే. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. యుద్ధ బాండ్లు దాచుకున్న మధ్యతరగతి పొదుపు అంతటితో సున్నా.

వేరే దేశం యుద్ధానికి ఒక దేశం నోట్లు అచ్చేయడం ఎలా ఉంటుందో చూడాలంటే రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశాన్ని చూడాలి. బ్రిటన్ ఇక్కడ సైన్యానికి, సరుకులకు పెట్టిన ఖర్చులో తన వాటాను పౌండ్లలో లండన్‌లోని రిజర్వు బ్యాంకు ఖాతాలో జమ చేసేది. ఆ పౌండ్లను పూచీగా చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు విడుదల చేసేది. జమ అయిన పౌండ్లతో అప్పుడు ఏమీ కొనుక్కోవడానికి లేదు. అంటే గుడ్డ, ధాన్యం, ఉక్కు, కలప వెంటనే వెళ్లిపోయాయి, బదులుగా లండన్ ఖాతా పుస్తకంలో ఒక అంకె మిగిలింది. చలామణీలో ఉన్న నోట్లు యుద్ధకాలంలో ఆరు రెట్ల దాకా పెరిగాయి. 1943 బెంగాల్ కరవుకు కారణాలు అనేకం: బర్మా బియ్యం ఆగిపోవడం, తుపాను, పడవలనూ ధాన్యాన్నీ తీరం నుంచి తొలగించిన ప్రభుత్వ విధానం. వాటికి ఈ ధరల మంట తోడైంది. సైనిక నిర్మాణాల్లో పని దొరికినవాడు బియ్యం కొనగలిగాడు, భూమిలేని పల్లె కూలీ కొనలేకపోయాడు. చనిపోయినవారు లక్షల్లో ఉన్నారు, 30 లక్షల దాకా ఉంటారని అంచనాలు చెబుతాయి. యుద్ధం తర్వాత బ్రిటన్ మనకు పడిన బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. అది విడతలుగానే విడుదలైంది. మధ్యలో 1949 సెప్టెంబరులో పౌండు విలువ 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు దిగింది. మిగిలిన బాకీ డాలరు సరుకుల లెక్కలో ఒక్క రోజులో మూడో వంతుకు దగ్గరగా కరిగింది. 1943లో ఆకలితో పోయినవారి ఇళ్లకు ఆ బాకీలోంచి ఒక్క పైసా చేరే దారి అసలు లేదు. యుద్ధ ఖర్చును దేశాల పేర్లతో లెక్కేస్తే కనపడకుండా పోయేది ఇదే: కట్టింది ఒకరు, జమ అయ్యింది ఇంకొకరికి.

ఓడినవాళ్ల దగ్గర వసూలు

1871లో జర్మనీ చేతిలో ఓడిన ఫ్రాన్స్ 500 కోట్ల ఫ్రాంకుల పరిహారాన్ని గడువు కన్నా ముందే, 1873కల్లా కట్టేసింది. ఈ ఉదాహరణ చూసే తర్వాతి తరం రాజకీయవేత్తలు దారి తప్పారు. 1921లో జర్మనీ మీద 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం వేశారు. ఇక్కడ తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. పరిహారం కట్టాలంటే విదేశీ డబ్బు కావాలి, దానికి ఎగుమతులు చేయాలి, ఆ ఎగుమతులను గెలిచిన దేశాలే కొనాలి. తమ కర్మాగారాలు మూతపడతాయని వాళ్లు సుంకాలు పెంచితే, కట్టమన్న నోటితోనే కట్టనివ్వకుండా చేసినట్టు. జర్మనీ చివరికి అమెరికా దగ్గర అప్పు చేసి కట్టింది. ఆ అప్పు కోసం అమ్మిన పాత బాండ్ల మీద చివరి చెల్లింపు 2010 అక్టోబరు 3న జరిగింది.

పని చేసిన పద్ధతి ఇరాక్‌ది. కువైట్ ఆక్రమణ నష్టాలకు ఇరాక్ చమురు ఆదాయంలో మొదట 30 శాతం, తర్వాత 5 శాతం నేరుగా ఐక్యరాజ్యసమితి నిధికి మళ్లించారు. 2022 నాటికి సుమారు 15 లక్షల క్లెయిములకు 5,240 కోట్ల డాలర్లు చెల్లించడం పూర్తయింది. చమురు డాలర్లలోనే అమ్ముడవుతుంది, దారిలోనే వాటా పట్టుకోవచ్చు కాబట్టి ఇది సాధ్యమైంది. కట్టింది మాత్రం యుద్ధం చేయమని ఎవరూ అడగని ఇరాకీ ప్రజలు. కువైట్ నుంచి ఇరాక్‌ను వెళ్లగొట్టిన ఆ యుద్ధంలో అమెరికాకు అయిన సుమారు 6,100 కోట్ల డాలర్లలో 5,400 కోట్ల దాకా సౌదీ అరేబియా, కువైట్, జపాన్, జర్మనీ వంటి దేశాలు భరించాయి.

బడ్జెట్‌లో ఎక్కని చెల్లింపులు

నిర్బంధ సైనిక సేవను పన్నుల జాబితాలో ఎవరూ రాయరు. బయట నెలకు 100 సంపాదించగల యువకుడిని పిలిచి 30 ఇస్తే, మిగతా 70 అతని మీద వేసిన పన్ను. అది కూడా ఆ వయసువాళ్ల మీద మాత్రమే. సైన్యం లెక్కల్లో యుద్ధం చవకగా కనిపిస్తుంది, అతని ఇంటి లెక్కల్లో కనిపించదు. 1863లో అమెరికా ప్రభుత్వం 300 డాలర్లు కడితే పిలుపు నుంచి మినహాయింపు ఇచ్చింది. కూలీకి అది ఇంచుమించు ఏడాది సంపాదన. ఆ జులైలో న్యూయార్క్ వీధుల్లో అల్లర్లు చెలరేగాయి.

గాయాల ఖర్చు తీరిగ్గా వస్తుంది. పాతికేళ్లకు కాలు పోయిన మనిషికి అరవై ఏళ్లొచ్చాక వైద్యం ఇంకా ఎక్కువ కావాలి. మొదటి ప్రపంచ యుద్ధ సైనికులకు అమెరికా ఇచ్చిన వైకల్య భృతి శిఖరానికి చేరింది 1969లో, యుద్ధం ముగిసిన యాభై ఏళ్లకు. 1865లో ముగిసిన అంతర్యుద్ధం తాలూకు చివరి పింఛను, ఒక సైనికుడి కుమార్తెకు నెలకు 73.13 డాలర్లు, 2020లో ఆమె మరణంతో ఆగింది. సైనికుడు గాయపడిన రోజున ఈ బాకీని ఏ ఖాతాలోనూ రాయరు. ముందు ముందు ఇవ్వాల్సిన పింఛనును ఇప్పుడే బాకీగా రాయాలని కంపెనీలకు తప్పనిసరి చేసిన జమాఖర్చు నియమం ప్రభుత్వాలకూ వర్తింపజేసి, భవిష్యత్తు పింఛనుకు యుద్ధం జరిగే ఏడాదే నిధి కట్టించాలి. అలా చేస్తే యుద్ధం అసలు ధర ముందే తెలుస్తుంది.

కూలిన ఇల్లు మిగిలింది. మామూలు ఇంటి బీమా పత్రంలో యుద్ధ నష్టం మినహాయింపుల్లో ఉంటుంది. వందల ఇళ్లు ఒకే రాత్రి కూలితే ఏ ప్రీమియమూ చాలదు కాబట్టి బీమా కంపెనీలు ఆ జోలికి పోవు. ఓడలకు మాత్రం యుద్ధ ప్రమాద బీమా విడిగా దొరుకుతుంది. ప్రమాద జలాల్లోకి వెళ్లే ఒక్కో ప్రయాణానికి ఓడ విలువలో ఇంత శాతమని కట్టించుకుంటారు. 10 కోట్ల డాలర్ల ఓడకు 1 శాతమంటే 10 లక్షల డాలర్లు. అది సరుకు ధరలో కలిసి, యుద్ధంతో ఏ సంబంధమూ లేని దేశంలో గోధుమలు కొనేవాడి దగ్గర వసూలవుతుంది. ఇళ్ల విషయంలో బ్రిటన్ 1941లో ఆస్తి యజమానులందరి దగ్గరా తప్పనిసరిగా చందా వసూలు చేసి, బాంబు దాడుల నష్టానికి పరిహారం ఇచ్చింది. అదే బ్రిటన్, 1942లో రంగూన్ దగ్గర తన సైన్యమే పేల్చేసిన చమురు కర్మాగారాలకు పరిహారం ఇవ్వాలని అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెబితే, 1965లో వెనకటి తేదీ నుంచి వర్తించే చట్టం చేసి ఆ బాకీ రద్దు చేసుకుంది.

ఇప్పుడు ఉక్రెయిన్‌లో నష్టపోయినవారి కోసం హేగ్‌లో 2023లో ఏర్పడిన నష్టాల రిజిస్టరు 2024 ఏప్రిల్ నుంచి దరఖాస్తులు తీసుకుంటోంది. యాజమాన్య పత్రం, నష్టం జరిగిన తేదీ, ఫొటోలు, అధికారుల పరిశీలన నివేదిక ఎంత త్వరగా చేర్చుకుంటే అంత మంచిది, శిథిలాలు తొలగించాక రుజువు చేయడం కష్టం. రష్యా కేంద్ర బ్యాంకు ఆస్తులు పశ్చిమ దేశాల్లో సుమారు 30,000 కోట్ల డాలర్ల మేర స్తంభించి ఉన్నాయి. వాటి మీద వచ్చే రాబడిని ఆధారం చేసుకుని జీ7 కూటమిలోని సంపన్న దేశాలు 2024లో ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల డాలర్ల రుణం ఖాయం చేశాయి. అది ప్రభుత్వానికి ఇచ్చే రుణం. ఇల్లు కూలినవారి దరఖాస్తులను పరిశీలించి నమోదు చేసుకోవడం వరకే రిజిస్టరు పని, చెల్లించే అధికారం గానీ నిధి గానీ దానికి లేవు.